మత్తు డాక్టరూ, మిల్లు చప్పుడూ

మత్తు డాక్టరు పోయారని మొన్న మందుల దుకాణంలో తెలిసింది. తలనొప్పి బిళ్ళకోసం వెళ్ళినదాన్ని, అది కూడా తీసుకోకుండానే తిరిగొచ్చాను. ఆపరేషన్‌కు ముందు మత్తు ఇచ్చే డాక్టరు కాబట్టి కరీంనగర్‌లో అందరూ ఆయన్ను అలాగే పిలిచేవారు. పేరు అడిగితే సగంమంది చెప్పలేరు. మా ఇంటికి మాత్రం ఆయన మత్తు ఇవ్వడానికి రాలేదు. మా బాపు, అంటే మా నాన్న, నొప్పికోసం వచ్చారు.

బాపుకు తుంటి ఎముకలో క్యాన్సర్. సుల్తానాబాద్‌లో రైస్‌మిల్లు గోడ పక్కనే మా ఇల్లు. బడిలో పాఠాలు చెప్పి వచ్చి, బాపును పక్కకు తిప్పి, గుడ్డలుతికి కూర్చునేసరికి నాకు అన్నం కూడా సహించేది కాదు. డాక్టరు ఆదివారాలు స్కూటరు మీద వచ్చేవారు. మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చున్నాకే రోగిని చూసేవారు. "దూపైన డాక్టరు తొందర జేస్తడు బిడ్డా" అనేవారు. మార్ఫిన్ బిళ్ళలు ఇచ్చిన మొదటిరోజే చెప్పారు: "నిద్రమబ్బు నాలుగొద్దులల్ల పోతది. మలబద్ధకం మాత్రం ఇల్లటం అల్లుని లెక్క, ఇంట్లనే ఉంటది." చాలా రోజులకు బాపు నవ్వాడు.

బిళ్ళలు పనిచేశాయి. బాపు లేచి కూర్చుని అన్నం తిన్నాడు. కొన్ని వారాలకు అదే బిళ్ళ చాలకుండా పోయింది. ఇంకొకటి అడిగాడు. మర్నాడు వేళకు ముందే అడిగాడు. ఆ తర్వాత అడగడం మానేసి, పళ్ళు బిగబట్టి గోడవైపు తిరిగి పడుకున్నాడు. చూస్తే మెడలో తులసిమాల లేదు, మేకుకు వేలాడుతోంది. పండరిపురం వెళ్ళి ఆ మాల వేసుకున్ననాటి నుంచి కల్లు ముట్టని మనిషి. మాలకు తగని పని చేసినవాడు దాన్ని తీసేయాలని ఆయన నియమం. బిళ్ళ ఇవ్వబోతే వద్దని చేయి ఊపాడు.

ఆదివారం డాక్టరు మేకువైపు చూశారు. "ఏమైంది పటేలా?"

"తాగువోతునైన సాబ్. పొద్దుగాల్నే మందుకు చెయ్యి సాపుతున్న. గిసొంటోని మెడల మాల ఉంటదా?"

డాక్టరు గోడవైపు చెయ్యి చూపారు. "గా మిల్లు చప్పుడు వినబడుతుందా?" అన్నారు.

"మాకు వినబడది సాబ్, అలవాటైంది. చుట్టాలొస్తేనే నిద్ర పట్టదంటరు."

"గిది గూడ గట్లనే. నీ తుంటి నొప్పి కబురు మెదడుకు పోవాల్నంటే వెన్నుపాము దాటాలె. మార్ఫిన్ ఆడ కూసోని పోకుమంటది. మొదట్ల ఆడి కణాలు ఆ మాట వింటయి. రోజూ అదే మాటైతే, మందును పట్టుకునే కొక్కేలను లోపలికి గుంజుకుంటయి. కొన్నైతే ఎదురుతిరిగి నొప్పిని ఇంకింత గట్టిగ చెప్తయి. అందుకే మందు పెంచాలె. ఇది నీ మనసు జేసిన పని గాదు పటేలా, నీ వెన్ను జేసిన పని. తాగెటోడు మత్తుకు అడుగుతడు. నువ్వు కూసోని ఇంత బువ్వ తినేతందుకు అడుగుతున్నవ్." తుంటి మీద దుప్పటి సర్ది, "రోగం గూడ పెరిగింది. నీకు అబద్ధం చెప్ప" అన్నారు.

బాపు ఏడ్చాడు. అది నొప్పికి వచ్చిన ఏడుపు కాదు. నేనూ ఏడ్చాను, ఆపుకునే ఓపిక లేదు నాకు.

డాక్టరు మోతాదు పెంచి రాసి, నావైపు తిరిగారు. "మాల నువ్వెయ్యి బిడ్డా. మేం నమాజు చదివెటోళ్ళం, ముట్టొచ్చునో లేదో."

"నువ్వే ఎయ్యి సాబ్" అన్నాడు బాపు.

తల ఎత్తితే నొప్పి పుడుతుందని, డాక్టరు మాలను ఒక చెవి మీదుగా, తర్వాత రెండో చెవి మీదుగా మెల్లగా దించారు. బాపు పోయిననాడు అది మెడలోనే ఉంది. తాగుబోతునన్న సిగ్గుతో ఆయన చావలేదు. ఆ రుణం తీరేది కాదు.

చివరి రోజుల్లో డాక్టరుకు నొప్పి ఉందో లేదో నాకు తెలియదు. ఎవరైనా మంచినీళ్ళు తాగి ఆయన పక్కన నిదానంగా కూర్చున్నారో లేదో కూడా తెలియదు. మందుల దుకాణం నుంచి వచ్చి గడపలో కూలబడ్డాను. అంతలో కరెంటు పోయి మిల్లు ఆగింది. అప్పటిదాకా అది ఆడుతోందనే నాకు తెలియలేదు.