శిరీష తన సూది తానే వేసుకున్న వారం

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, వానాకాలం మొదట్లో, గచ్చిబౌలిలోని ఒక ఆసుపత్రి పిల్లల వార్డుకు నన్ను ఇన్‌ఛార్జ్ సిస్టర్‌గా వేశారు. షుగరు జబ్బు కొత్తగా బయటపడిన పిల్లలకు ఇన్సులిన్ వేసుకోవడం నేర్పి ఇంటికి పంపడం కూడా నా పనే.

ఆ సోమవారం శిరీష చేరింది. పదకొండేళ్లు, ఆరో తరగతి. తల్లి యాదమ్మ నానక్‌రామ్‌గూడలో ఒక ఆఫీసు భవనంలో హౌస్‌కీపింగ్ చేసేది. రోజుకు నాలుగు సూదుల్లో ఒకటి బడిలోనే, భోజనానికి ముందు పడాలి.

"డ్యూటీ ఇడిచి రోజూ బడికి ఎట్లొస్త సిస్టరమ్మా? ఇగ బడి మానిపిస్త," అంది యాదమ్మ. శిరీష గోడవైపు తిరిగి పడుకుంది.

ఇన్సులిన్ పెన్నుకు కొత్త సూది బిగించాలి. మందు వస్తుందో లేదో రెండు యూనిట్లు బయటికి వదిలి చూడాలి. డాక్టరు రాసిన అంకెకు తిప్పి, గుచ్చి, బటన్ నొక్కి, పది లెక్కపెట్టాకే తీయాలి. గుచ్చే వేళకు శిరీష చేయి ఆగిపోయేది. ఆ చేయి పట్టుకుని నేనే పూర్తి చేసేదాన్ని. మంగళ, బుధవారాలు రెండు రోజులూ ఆమె శిక్షణ డైరీలో "సహాయంతో చేసింది" అని రాశాను. నిజానికి చేసింది నేను.

గురువారం పొద్దున మళ్లీ నా చేయి ముందుకు వెళ్లింది.

"మీరు జర చేతులు వెనక్కి పెట్టుకోండ్రి సిస్టర్. మీరు పట్టుకుంటరనే నా చెయ్యి ఆగుతుంది," అంది శిరీష.

"సిస్టర్‌కే హుకుం జేస్తున్నవా?" అని యాదమ్మ కసిరింది.

"నువ్వు గూడ పెట్టుకో అమ్మా."

ఇద్దరం చేతులు వెనక్కి పెట్టుకున్నాం. తొమ్మిది నిమిషాలు పట్టింది. ట్రేలో ఇడ్లీలు చల్లారిపోయాయి. శిరీష గుచ్చుకుంది. లెక్క ఏడు దగ్గర ఆపి నన్ను చూసింది. నేను చేతులు వెనకే ఉంచుకున్నాను. పది దాకా వెళ్లి తీసింది.

డాక్టరు ఇంకో రెండు రోజులు ఉంచమన్నారు. ఈలోగా బడి హెడ్‌మిస్ట్రెస్‌కు ఫోన్ చేసి, మధ్యాహ్నం శిరీష సూది వేసుకునేటప్పుడు దగ్గరుండమని అడిగాను. "అంకె నేను సరిచూస్తానండి. గుచ్చమని మాత్రం అడక్కండి, నాకు సూదంటేనే భయం," అన్నారావిడ. అంతకు మించి అక్కర్లేదన్నాను. మరుసటి వారం శిరీష బడికి వెళ్లింది. యాదమ్మ పని మానలేదు.

ఆ తర్వాత నేను నేర్పిన ప్రతి బిడ్డ డైరీలోనూ ఏ పని ఎవరు చేశారో విడివిడిగా రాశాను. మోతాదు సరిచూడటం చివరిదాకా పెద్దవాళ్ల బాధ్యతే. బిడ్డ ఆలోచించుకునే ఆ కొన్ని నిమిషాలు మాత్రం నేర్పే పనిలో భాగమని, వాటిని తగ్గిస్తే నేర్పడమే తగ్గుతుందని ముప్పై ఏళ్ల సర్వీసు తర్వాత తెలుసుకున్నాను.