స్విచ్ నొక్కినా ఆగని రంపం

ఇవాళ పొద్దున కాఫీ కప్పుతో పెరట్లోకి వచ్చేసరికి వెనక వీధిలో ఎవరో మోటారు రంపం స్టార్ట్ చేస్తున్నారు. తాడు ఒకసారి లాగారు. రెండోసారి లాగారు. మూడోసారికి అది గట్టిగా దగ్గి అందుకుంది. కాసేపటికి కంచె మీదుగా వాసన వచ్చింది. పెట్రోల్లో కలిపిన నూనె కాలుతున్న వాసన, దానికింద పచ్చి యూకలిప్టస్ చెక్క వాసన. మెల్‌బోర్న్ శివారులోని మా క్లైడ్ నార్త్‌లో ఇప్పుడు చెట్లకంటే ఇళ్ళు ఎక్కువ కాబట్టి ఈ వాసన అరుదు. కాఫీ చల్లారిపోయేదాకా అక్కడే నిలబడిపోయాను. నాకు ఖాసిం అంకుల్ గుర్తొచ్చారు. ఇది చదివేవాళ్ళలో ఆయన్ని చూసినవాళ్ళు ఎవరూ ఉండరు. అందుకే రాస్తున్నాను.

మేము బాపట్ల నుంచి మెల్‌బోర్న్ వచ్చింది 1989లో. మా ఆయనకు ఆస్పత్రిలో వార్డు ఉద్యోగం. నాకు ఇంటర్‌తో చదువు ఆగిపోయింది గానీ చదవడం ఆగలేదు. బాపట్లలో శాఖా గ్రంథాలయం తలుపు తీసేవేళకు మెట్లమీద ఉండేదాన్ని. ఇక్కడ కౌన్సిల్ లైబ్రరీ కార్డు చేతికొచ్చిన రోజు ఇంటి తాళాలు చేతికొచ్చినంత సంబరపడ్డాను. అద్దె ఇంట్లో గడ్డి కోసే పాత యంత్రం ఒకటి ఉంది. అది కదలకపోతే లైబ్రరీ నుంచి చిన్న ఇంజన్ల పుస్తకం తెచ్చి, రెండు రాత్రులు చదివి, స్పార్క్ ప్లగ్ విప్పి, బ్రష్‌తో తోమి, మళ్ళీ బిగించాను. అయినా కదల్లేదు. దాన్ని కారు డిక్కీలో వేసుకుని హైవే పక్కనున్న ఒక రిపేరు షెడ్డుకు వెళ్ళాం.

షెడ్డులో నెరిసిన గడ్డంతో, నీలం ఓవరాల్ వేసుకున్న పెద్దాయన ఉన్నారు. నేను ఇంగ్లీషులో ఉపన్యాసం మొదలుపెట్టాను. ప్లగ్ మసిపట్టి ఉంటుందనీ, కాయిల్ బలహీనపడి ఉండవచ్చుననీ, పుస్తకంలో వరసగా ఏముందో అంతా చెప్పాను. మా ఆయన పక్కనుంచి తెలుగులో, "చాల్లే, ప్లగ్ మార్చమని చెప్పు, పోదాం" అని గొణిగాడు. పెద్దాయన అంతా విని, వంగి, ట్యాంకు కింద వేలితో ఏదో తిప్పి, తాడు లాగారు. ఇంజన్ అందుకుంది.

"పెట్రోల్ కుళాయి కట్టేసినారమ్మా. ప్లగ్ ఏం చేస్తాది పాపం?" అన్నారు, అచ్చమైన రాయలసీమ తెలుగులో.

మేమిద్దరం నోరు తెరిచాం.

"ఈ మాటలన్నీ యాడ నేర్చినావు?"

"లైబ్రరీలో అంకుల్."

"బాగుంది. మెకానిక్ మాదిరి మాట్లాడినావు. మెకానిక్ మాదిరి చూసింటే ఇంకా బాగుండేది."

ఆయనే ఖాసిం అంకుల్. సొంతూరు నంద్యాల. అక్కడ ఆయిల్ ఇంజన్లు, మోటారు సైకిళ్ళు బాగుచేసిన మనిషి. డెబ్భైల్లో ఇక్కడికొచ్చి కొన్నేళ్ళు ఫ్యాక్టరీలో చేసి, తర్వాత ఈ షెడ్డు పెట్టుకున్నారు. వేరే షాపులవాళ్ళు చూడ్డానికి కూడా ఒప్పుకోని పాత మోటారు రంపాలు ఆయన దగ్గరికి వచ్చేవి. నేలమీద పెడితే కుక్కపిల్లంత ఉండే ఇనుప రంపాలు, చైన్‌ను ఆపే బ్రేకు కూడా లేని కాలంనాటివి. వాటి మాన్యువల్స్ దొరకవు, దొరికినా ఆయనకు ఇంగ్లీషు చదవడం నిదానం. వారం తిరక్కుండా ఇంటికి ఫోన్ చేశారు. "నాకు చేతులుండాయి. నీకు చదువుంది. వారానికి మూడు దినాలు రామ్మా."

అలా నేను షెడ్డులో ఆయన పని బల్ల ముందుకొచ్చాను. లైబ్రరీలో అడిగి వేరే ఊళ్ళ నుంచి పాత మాన్యువల్స్ తెప్పించి, టీ వేళ వాటిని ఆయనకు తెలుగులో చదివి వినిపించేదాన్ని. ఆయన చేతులు పనిచేస్తూనే ఉండేవి. రంపంలో నిప్పు ఎలా పుడుతుందో పుస్తకం నాకు బొమ్మల్లో చెప్పింది. ఆయన ఇనుములో చూపించారు. తిరిగే చక్రంలో అయస్కాంతం ఉంటుంది. అది కాయిల్ పక్కనుంచి పోయిన ప్రతిసారీ పాయింట్లనే రెండు చిన్న లోహపు ముక్కలు కనురెప్పల్లా విడిపోతాయి. విడిపోయిన క్షణంలో ప్లగ్ కొసన నిప్పురవ్వ ఎగురుతుంది. ఆ రెప్పలు ఎంత తెరుచుకోవాలన్నదే అసలు విద్య. ఆ సందు కొలవడానికి ఆయన వాడేది ఒక పెళ్ళికార్డు నుంచి కత్తిరించిన ముక్క. నాకు నవ్వొచ్చింది. నేను సందులు కొలిచే సన్నటి ఉక్కు రేకులు తెచ్చి కొలిచాను. ఆయన పెట్టిన సందు సరిగ్గా పుస్తకంలో రాసినంతే ఉంది.

"మా అక్క కూతురి పెళ్ళికార్డమ్మా. అది తప్పు చెప్తాదా?" అన్నారు.

ప్లగ్ రంగు చూడడం కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. నల్లగా జిడ్డుగా ఉంటే ఒక జబ్బు, తెల్లగా పాలిపోతే ఇంకొకటి, పాలు తక్కువైన టీ రంగులో ఉంటే ఆరోగ్యం. ఇవన్నీ ఓపికగా చెప్పే మనిషి ఒక్క విషయంలో మాత్రం కటువుగా ఉండేవారు. పని పూర్తికాని రంపం పిడికి ఎర్రగుడ్డ కట్టాలి. నీళ్ళు తాగడానికి లేచినా సరే, కట్టాకే లేవాలి. అది జ్ఞాపకశక్తి లేనివాళ్ళకోసమని నేను లోపల్లోపల అనుకునేదాన్ని. నేను చదివినదాన్ని, చేస్తున్నది ఏమిటో నాకు తెలుసు కదా.

రెండో ఏడాది నవంబరులో, ఇక్కడి వసంతం చివర్లో, ఎండలు ముదరకముందే అందరూ తమ స్థలాల్లో ఎండుకొమ్మలు, పడిపోయిన చెట్లు తీసేసుకునే రోజుల్లో, కెన్ అనే ఆయన ఒక పాత రంపం తెచ్చాడు. డెబ్భై దాటిన మనిషి. భార్య పోయింది. ఎమరల్డ్ అనే ఊరు దాటాక కొండవాలులో ఒంటరిగా ఉంటాడు. చెవులు సరిగా వినపడవు. రంపం చల్లగా ఉన్నప్పుడు బాగానే నడుస్తుందిట, కోత మధ్యలో ఉన్నట్టుండి చచ్చిపోతుందిట. కార్చిచ్చుల కాలం వచ్చేలోపు ఇంటి వెనక పడ్డ చెట్టు తీసెయ్యాలి. అంకుల్ దాన్ని నా వైపు జరిపారు. "నువ్వు చూడు." మొదటి నుంచి చివరిదాకా నా ఒక్కదాని చేతికి వచ్చిన మొదటి రంపం అదే.

శుక్రవారం మధ్యాహ్నం అంకుల్ జుమా నమాజుకు వెళ్ళారు. నేను ప్లగ్ చూశాను, పాయింట్లు చూశాను, అన్నీ బాగున్నాయి. మిగిలింది స్విచ్ తీగ. స్విచ్ నొక్కితే ఆ తీగ కాయిల్ కరెంటును ఇంజన్ ఒంటికి కలిపేస్తుంది, నిప్పు ఆగిపోతుంది, రంపం ఆగుతుంది. తీగ తొడుగు ఎక్కడైనా అరిగి ఇనుముకు తగిలితే, స్విచ్ నొక్కకుండానే అదే జరుగుతుంది. తేల్చుకోవాలంటే తీగ ఊడదీసి నడిపి చూడమని పుస్తకంలో ఉంది. ఊడదీశాను. రంపం పావుగంట ఏకధాటిగా నడిచింది. స్విచ్ లేదు కాబట్టి చోక్ మూసి, గాలి ఆపి, ఇంజన్ ఆర్పాను. ఆనందం పట్టలేకపోయాను. కొత్త తీగ కొలిచి కత్తిరించి బల్లమీద పెట్టాను. అప్పుడే వీధి చివర, పుస్తకాలతో ఊరూరా తిరిగే లైబ్రరీ బండి హారన్ వినిపించింది. శుక్రవారం ఇరవై నిమిషాలే ఆగుతుంది. దుమ్ము పడకుండా మూత మీద పెట్టి స్క్రూలు బిగించి పరిగెత్తాను. గుడ్డ కట్టలేదు.

రెండు పుస్తకాలు పట్టుకుని తిరిగొచ్చేసరికి అంకుల్ వచ్చి ఉన్నారు. బల్లమీద రంపం లేదు. నేను కత్తిరించిన తీగ ముక్క మాత్రం అలాగే ఉంది.

"అంకుల్, కెన్ రంపం ఏది?"

"పావుగంటయ్యింది తీసుకుపోయి. మూత బిగించినావు, గుడ్డ లేదు. అయిపోయిందనుకున్యా. ఏం?"

"రెడీ కాలేదు అంకుల్. తీగ ఊడదీసి టెస్ట్ చేశాను. మళ్ళీ కనెక్ట్ చెయ్యలేదు. స్విచ్ నొక్కినా ఆగదు."

ఆయన ముఖం మారింది. కెన్ ఇంటికి ఫోన్ చేశారు. మోగి మోగి ఆగిపోయింది. ఇంకా దారిలోనే ఉండి ఉంటాడు. అంకుల్ తాళాలు అందుకున్నారు. నేను ఆ తీగ ముక్కనూ స్క్రూడ్రైవర్‌నూ జేబులో వేసుకున్నాను.

కొండదారిలో బండి ఎక్కుతున్నంతసేపూ నాకు ఆ మనిషి కాళ్ళే కళ్ళముందు కనిపించాయి. ఒంటరి మనిషి, వినపడని చెవులు, ఆగని రంపం.

"తిట్టండి అంకుల్."

"తిట్టేది యాడికి పోదులే. ముందు మనిషి."

మరికాసేపటికి నేనే మళ్ళీ అన్నాను. చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. "దారిలో కుదుపులకు తీగ ఊడిపోయి ఉంటుందని చెబుదామా?"

ఆయన రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు. "ఎవరు ఊడదీసినారు?"

"నేనే."

"అదే చెప్పు."

"నన్ను మళ్ళీ నమ్మడు అంకుల్. షాపుకు కూడా చెడ్డపేరు."

"నమ్మకపోతే నమ్మడు. నేను కూడా ఒకసారి లాగి చూపించకుండా ఆయన చేతిలో పెట్టినా. తొందరలో ఉండాడని. అది నా తప్పు. నీది నువ్వు చెప్పు, నాది నేను చెప్తా."

గేటు దగ్గర దిగగానే చప్పుడు వినిపించింది. రంపం కోస్తున్న చప్పుడు కాదు. ఊరికే నడుస్తూ, ఎవరూ పట్టుకోకుండా నడుస్తూ ఉన్న చప్పుడు. ఇంటి వెనక్కి ఆయన అంత వేగంగా నడవడం నేనెప్పుడూ చూడలేదు. పడిపోయిన చెట్టు పక్కన నేలమీద రంపం వణుకుతూ ఉంది. దానికి కాస్త దూరంలో ఒక మొద్దు మీద కెన్ కూర్చుని దానివంక చూస్తున్నాడు. ప్యాంటు మోకాలి పైన నాలుగు వేళ్ళ వెడల్పున చీరుకుపోయి ఉంది. చీలికలోంచి తెల్లటి చర్మం కనిపిస్తోంది. నెత్తురు లేదు.

అంకుల్ వంగి చోక్ మూశారు. ఇంజన్ ఆగింది. అడవిలో ఎక్కడో ఒక మాగ్‌పై పిట్ట అరుస్తోందని అప్పుడు తెలిసింది.

కెన్ మాట్లాడింది ఇంగ్లీషే, గుర్తున్నంతలో తెలుగులో రాస్తున్నాను. "స్విచ్ ఆఫ్ చేశాను. చేసి అడుగేశాను. యాభై ఏళ్ళుగా అలాగే వేస్తున్నాను. బెరడు మీద కాలు జారింది, వేలు యాక్సిలరేటర్ మీట మీద నొక్కుకుంది, చైన్ తిరిగింది. పెట్రోల్ అయిపోయేదాకా కూర్చుందామనుకున్నా."

అంకుల్ నావంక చూడలేదు. నా పక్కన, కొంచెం వెనగ్గా నిలబడ్డారు. నేను పది అడుగులు నడిచి కెన్ ముందుకు వెళ్ళాను, ఆయన అలాగే అర అడుగు వెనకగా నాతో నడిచారు. వినపడాలని గట్టిగా చెప్పాల్సి వచ్చింది. తప్పును గొణగడానికి కూడా లేకపోయింది. "ఆ తీగ నేను ఊడదీశాను. మళ్ళీ కలపకుండా లైబ్రరీ బండి దగ్గరికి వెళ్ళాను. పని అయిపోలేదని గుర్తు పెట్టలేదు. తప్పు నాది."

తర్వాత అంకుల్ తనది చెప్పారు. "నడిపి చూడకుండా నీకిచ్చాను. అది నాది."

కెన్ చాలాసేపు తన ప్యాంటు చిరుగును వేలితో తడుముతూ ఉన్నాడు. పరవాలేదని అనలేదు. ఈ దేశంలో ప్రతిదానికీ వినిపించే 'నో వర్రీస్' కూడా అనలేదు.

"మధ్యలో చచ్చిపోయే జబ్బు పట్టుకున్నావా?" అన్నాడు చివరికి.

"పట్టుకున్నాను. తీగ తొడుగు అరిగిపోయింది."

"అయితే కొత్తది వెయ్యి. ఇక్కడే, నేను చూస్తుండగా."

బండి వెనక పలక దించి దానిమీద వేశాను. స్క్రూ రెండుసార్లు గడ్డిలో పడింది. అంకుల్ వెతికిచ్చారు గానీ బిగించడానికి చెయ్యి పెట్టలేదు. నేను రంపం స్టార్ట్ చేశాను, స్విచ్ నొక్కాను, ఆగింది. "మళ్ళీ" అన్నాడు కెన్. మళ్ళీ చేశాను. "మళ్ళీ." మూడోసారి ఆగాక టోపీ పెట్టుకుని లేచాడు. అంకుల్‌ను పేరుపెట్టి పిలవబోయి, గుర్తురాక, చెయ్యి మాత్రం చాపాడు. తర్వాత నా వైపు కూడా చాపాడు.

తిరిగొచ్చేటప్పుడు ఇక మానేస్తానని చెప్పాను. పుస్తకాలు చదివి మనుషుల ప్రాణాల మీదికి తెచ్చేదాన్ని ఈ పనికి పనికిరానన్నాను.

"పుస్తకం మీద పెట్టొద్దమ్మా. పుస్తకం సరిగ్గానే చెప్పింది. జబ్బు పట్టుకునింది నువ్వే, నాకంటే ముందే పట్టుకున్నావు. సోమవారం రెండు రంపాలు వస్తాయి. తొందరగా రా." తిట్టేది యాడికీ పోదన్న మనిషి ఆ తర్వాత కూడా తిట్టలేదు. సోమవారం నుంచి మాత్రం, రిపేరైన ఏ రంపాన్నయినా స్టార్ట్ చేసి చూపించడమే కాక, మూడుసార్లు ఆపి చూపించాకే మనిషి చేతికిచ్చేవాళ్ళం. మరుసటి ఏప్రిల్‌లో, ఇక్కడి శరదృతువులో, కెన్ పదును పెట్టించడానికి వచ్చాడు. రంపాన్ని నేరుగా నా చేతికే ఇచ్చాడు. తీసుకెళ్ళేటప్పుడు మూడుసార్లూ లెక్కపెట్టి మరీ చూసుకున్నాడు. అది నాకు సరిపోయింది.

అంకుల్ కొన్నేళ్ళకు షెడ్డు మూసేసి, సిడ్నీలో వెస్ట్‌మీడ్ ఆస్పత్రిలో పనిచేసే కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. అక్కడే పోయారు. నేను సాయంత్రం క్లాసులు చదివి, ఆస్పత్రి పరికరాలు బాగుచేసే విభాగంలో చేరి, అక్కడే రిటైరయ్యాను. ఇన్నేళ్ళలో తప్పులు చేశాను. ఒకసారి రోగికి మందు ఎక్కించే పంపును పరీక్ష పూర్తికాకుండానే వార్డుకు పంపాను. పంపు వెనక్కి తెప్పించి, ఆ తర్వాత నర్సింగ్ ఇన్‌చార్జి దగ్గరికి వెళ్ళాను. ఫోన్లో చెప్పి ఉండొచ్చు. ఎవరూ గమనించేవాళ్ళు కాదు కాబట్టి అసలు చెప్పకపోయినా గడిచేది. కానీ లిఫ్ట్ దిగి ఆమె బల్ల దాకా ఆ పొడుగాటి వరండాలో నడిచాను. అలాంటప్పుడు ప్రతిసారీ ఒకేలా జరుగుతుంది. ఏదో ఒక సాకు నాలుక చివరికి వస్తుంది. సరిగ్గా అప్పుడే నా పక్కన, అర అడుగు వెనకగా, నీలం ఓవరాల్ వేసుకున్న మనిషి ఒకాయన నడుస్తుంటారు. నాకోసం ఒక్కమాట కూడా మాట్లాడరు. నేను చెప్పడం పూర్తయ్యేదాకా వెళ్ళిపోరు కూడా.