ఒడ్డున ఆగమన్న మనిషి

దెయ్యాల మాట ఎత్తితే లేచి వెళ్ళిపోయే మనిషిని నేను. టెక్కలిలో ముప్పై ఏళ్ళు సోషల్ చెప్పి రిటైరయ్యాను. వీధిలో ఎవరింట్లో అర్థంకాని చప్పుడైనా, ముందు పిల్లిని వెతకమనేవాణ్ణి. ఇప్పుడు ఈ సంగతి రాయడానికి నాకే సిగ్గుగా ఉంది.

రిటైరయ్యాక నాకో పిచ్చి పట్టుకుంది. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల కోసం అమెరికన్లూ జపాన్ వాళ్ళూ చేసిన పోరాటాల మీద పుస్తకం రాస్తున్నాను. చదవేస్తే ఉన్న మతి పోయిందని మా ఆవిడ అంటుంది. ఏమన్నా అననీ, ఆ మనుషులంటే నాకు గౌరవం. తరావా దీవి దగ్గర పోటు లెక్క తప్పి పడవలు పగడపు దిబ్బకు తగులుకుంటే, ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు ఛాతీలోతు నీళ్ళలో తుపాకులకు ఎదురు నడిచారు. అవతల జపాన్ వాళ్ళు, తిరిగి వెళ్ళే దారి లేదని తెలిసీ కదల్లేదు.

వీళ్ళందరిలో నాకు ఇష్టమైనవాడు మాత్రం వేరే. కాల్పుల మధ్య ఒడ్డున నిలబడి, చేతుల్లో జెండాలతో పడవలకు రమ్మనో ఆగమనో చెప్పేవాడు.

దిగితేనే గాని లోతు తెలియదు కదా. కెరటాల్లోంచి ఒడ్డుకు రావడం ఎలా ఉంటుందో చూద్దామని, మందస అవతల చేపల పేటలో ఉన్న నా పాత శిష్యుడు అప్పన్న పడవ ఎక్కాను. మాతో ఇంకో ముగ్గురు.

అక్కడ ఒక పద్ధతి ఉంది. సముద్రం వైపు నుంచి కెరటం వీపే కనిపిస్తుంది, ఎక్కడ విరుగుతుందో తెలియదు. అందుకని ఒడ్డున ఒక పెద్దాయన నిలబడి ఎర్ర తువ్వాలు ఊపుతాడు. అడ్డంగా ఊపితే ఆగాలి, పైకెత్తితే రావాలి. ఆ పని అప్పన్న మేనమామ కామయ్యది. ఈ ఉద్దానం ప్రాంతంలో చాలామందికి లాగే ఆయనకూ కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడు రోజులు పలాసలో డయాలసిస్. ఆ రోజుల్లో వీళ్ళు దేవుడి మీద భారం వేసి వచ్చేస్తారు. మేం వెళ్ళింది అలాంటి రోజే.

తిరిగొచ్చేసరికి ఉదయం తొమ్మిది దాటింది. సముద్రం బాగా లేచి ఉంది. నాకు ఈత రాదు, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను. అప్పన్న ఇంజను వేగం పెంచాడు. అప్పుడు కనిపించాడు. మోకాలిలోతు నీళ్ళలో, ఆకుపచ్చ బట్టల్లో ఒక మనిషి. రెండు చేతుల్లో రెండు జెండాలు, అడ్డంగా ఊపుతున్నాడు.

నేను నోరు తెరిచేలోపే అప్పన్న ఇంజను తగ్గించేశాడు.

"మావ ఆగమంతన్నాడు," అన్నాడు.

మావ ఆ రోజు పలాసలో ఉంటాడని ఆ క్షణాన అతనికీ గుర్తులేదు, నాకూ లేదు.

ఆగాం. మా కింద నుంచి వరసగా మూడు కెరటాలు లేచి వెళ్ళాయి. మూడోది మా ముందే ఇంటెత్తున విరిగి పడింది. ముందుకు వెళ్ళి ఉంటే ఐదుగురిలో ఒక్కరం కూడా మిగిలేవాళ్ళం కాదు. నీళ్ళు సర్దుకున్నాక మెల్లగా ఒడ్డు చేరాం.

అక్కడ ఎవరూ లేరు. గంపలతో కూర్చున్న ఆడవాళ్ళని అడిగితే, తెల్లారినప్పటి నుంచి నీళ్ళ దగ్గర మగ మనిషే లేడన్నారు. తను చూసింది మావనీ ఎర్ర తువ్వాలునీ అంటాడు అప్పన్న. పుస్తకాలు ఎక్కువై నాకు సైనికుడు కనిపించాడనుకుందాం. అప్పన్న నా క్లాసులో కూడా పుస్తకం తెరిచిన పాపాన పోలేదు. మరి ఒకే క్షణంలో మా ఇద్దరినీ ఆగమన్నది ఎవరు?

అప్పటికప్పుడు ఆటోలో పలాస వెళ్ళాం. కామయ్య ఉదయం ఏడు నుంచి మంచం మీదే ఉన్నాడని నర్సు చెప్పింది. చేతికి ఇంకా గొట్టాలున్నాయి. తను కనిపించాడన్న మాట ఆయన పెద్దగా పట్టించుకోలేదు. నేను చూసినవాడి గురించే అడిగాడు. ఆ యుద్ధం గురించీ, ఆ జెండాల పని గురించీ చెప్పాను. కళ్ళు మూసుకుని విన్నాడు.

"నాను నేని రోజు ఒడ్డు కాళీగా ఉంటాదని బెంగెట్టుకున్నాను మాస్టారూ," అన్నాడు. "ఆడొచ్చి నిలబడ్డాడన్నమాట."

నాకు ఏడుపొచ్చింది. నేను చూసిందేమిటో, ఎలా చూశానో ఇప్పటికీ చెప్పలేను.

లేచి వస్తుంటే కామయ్య ఆ మనిషి పేరేటని అడిగాడు. ఇన్ని పుస్తకాలు చదివిన నేను, అదీ చెప్పలేకపోయాను.