టూ-టూ సైజు పిడికిలి

మొన్న సోమవారం పొద్దున పదిన్నర బ్రేకులో ఆ కబురు తెలిసింది. కెనడాలో, కేంబ్రిడ్జ్‌లో నేను పనిచేసే ప్లాంటులో ఫోన్లు లాకర్లోనే పెట్టాలి. బ్రేకులో తీసి చూస్తే మా బాక్సింగ్ మాస్టారి భార్య, ఆంటీ దగ్గర్నుంచి నాలుగు మిస్డ్ కాల్స్. తిరిగి చేశాను. "మాస్టారు పొద్దున్న లెగలేదమ్మా. నిద్దట్లోనే ఎల్లిపోయేరు," అంది ఆవిడ.

వెంటనే ఏడుపు రాలేదు. ముందుగా వచ్చిన ఆలోచన చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది గానీ చెప్పేస్తాను. శనివారం గ్వెల్ఫ్‌లో నా బౌట్ ఉంది, ఇప్పుడు గ్లవ్స్ తొడిగే ముందు నా చేతులకు కట్లు ఎవరు కడతారు? మూడేళ్లుగా ఆ పని ఆయన తప్ప ఇంకెవరూ చేయలేదు. ఏడుపు ఆ తర్వాత, లైన్‌లోకి తిరిగి వెళ్లి గ్లవ్స్ తొడుక్కుంటున్నప్పుడు ముంచుకొచ్చింది.

ఆయన తెలియని వాళ్ల కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు గొంతు తగ్గించి, నెమ్మదిగా రాయాలని నాకూ తెలుసు. అలా రాద్దామనే కూర్చున్నాను. కానీ మాస్టారిని తలచుకుంటే చాలు, కాళ్లు ఒకచోట నిలబడనంటున్నాయి. ఏం చేయను! ఆ మనిషికి నెమ్మది అంటేనే పడేది కాదు.

ఆయనది వైజాగ్. కుర్రతనంలో అక్కడే బాక్సింగ్ నేర్చుకున్నారు. ఇక్కడికొచ్చి ఒక వేర్‌హౌస్‌లో రిటైరయ్యేదాకా ఫోర్క్‌లిఫ్ట్ నడిపారు. ఆ తర్వాత కార్లకు రంగులేసే షెడ్డు వెనక ఉన్న చిన్న జిమ్‌లో సాయంత్రాలు మాలాంటి వాళ్లకు నేర్పేవారు. రంగు వాసన, చెమట వాసన, ఆయన స్టీల్ ఫ్లాస్కులోంచి అల్లం టీ వాసన, మూడూ కలిపితే మా జిమ్. సరిగ్గా మూడు రౌండ్లు ప్రాక్టీస్ చేసినవాళ్లకే ఫ్లాస్కు మూతలో ఒక మూతెడు టీ దక్కేది. రెండు రౌండ్లకు ఆగిపోతే మన ముందే ఊదుకుంటూ ఆయన తాగేవారు.

నేను సిద్దిపేట నుంచి గ్వెల్ఫ్‌కు చదువుకోవడానికి వచ్చి, ఉద్యోగం దొరికాక కేంబ్రిడ్జ్ చేరాను. ఎందుకో ఒకరోజు ఆ జిమ్ తలుపు తోశాను. నేను అడిగిన మొదటి మాటే ఫీజు గురించి. ఆయన జవాబు చెప్పకుండా నా చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "గాజుల సైజేటి?" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. ఆడపిల్ల బాక్సింగ్‌కు వస్తే గాజుల మాట ఎత్తుతాడా ఈ పెద్దమనిషి అనుకున్నాను. "నేను గాజులు ఏసుకోను సార్. కొట్టుడు నేర్చుకుందామని వచ్చిన," అన్నాను కాస్త గట్టిగానే.

"ఏసుకోమన్నానేటి? సైజడిగేను. సార్ కాదు, మాస్టారూ అను."

"టూ-టూ."

"నాను చూసినప్పుడే అనుకున్నాను," అని చంకలు కొట్టుకున్నంత సంబరపడ్డారు. పెద్దవాళ్లకు దొరికే గాజుల్లో అంతకన్నా చిన్న సైజు ఇంచుమించు ఉండదు. అమ్మ నా చేతులు చూసి ముచ్చటపడేది, సుతిమెత్తగా ఉన్నాయని. బాక్సర్‌కు ఆ పొగడ్త దేనికి పనికొస్తుంది?

మాస్టారి తల్లి గాజులమ్మిన మనిషి. గాజుల మలారం భుజాన వేసుకుని వీధి వీధీ తిరిగేదట. ఎవరికి ఏ సైజు సరిపోతుందో చూడటానికి ఆవిడ దగ్గర ఇత్తడి కొలత గాజులు ఉండేవి. వాటిలో టూ-టూ జత ఒకటి మాస్టారు ఇంత దూరం తెచ్చుకున్నారు. ఎందుకు తెచ్చుకున్నారో నేను వచ్చేదాకా తనకే తెలియదనేవారు.

జిమ్‌లో నాకు పోటీ అని కాదు గానీ, మిల్టన్ నుంచి శనివారాలు వచ్చే ఒక తమ్ముడు ఉన్నాడు. ఇక్కడే పుట్టాడు, అమ్మానాన్నలది గుంటూరు. అతని అరచెయ్యి చేటంత. అతను కొడితే వేలాడే పంచింగ్ బ్యాగ్ వెళ్లి గోడకు తగిలేది. నేను కొడితే ఒకసారి తల అటూ ఇటూ ఊపి ఊరుకునేది. "అక్కా, డోంట్ ఫీల్ బ్యాడ్. హ్యాండ్ సైజ్ ఈజ్ పవర్. నువ్వు స్పీడ్ మీద ఫోకస్ చెయ్," అన్నాడు ఒకసారి, జాలిగా. ఆ జాలి నాకు అరగలేదు.

అప్పుడు చేశాను ఒక వెధవ పని. మా ప్లాంటులో ప్యాకింగ్‌కు వాడి పారేసే ఫోమ్ ముక్కలు ఉంటాయి. అవి జేబులో వేసుకొచ్చి, మాస్టారు రాకముందే కణుపుల మీద పేర్చి, పైన ఒకదాని మీద ఒకటి రెండు కట్లు చుట్టాను. నా గ్లవ్స్‌లో ఆ చెయ్యి దూరలేదు. మిల్టన్ తమ్ముడి గ్లవ్స్ తొడిగాను. అద్దంలో చూసుకుంటే అబ్బో, ఎంత పిడికిలి! బలమంతా కూడదీసుకుని బ్యాగ్‌ను ఒక్కటి గుద్దాను. లోపల వేళ్లు మడత పడటానికే చోటు లేదు, ఇంక పిడికిలి ఎక్కడ బిగుస్తుంది? మణికట్టు పక్కకు తిరిగింది, బొటనవేలు బెణికింది. నేను కిందపడి గింజుకుంటుంటే మాస్టారు లోపలికి వచ్చారు.

"ఇప్పు," అన్నారు. విప్పాను. ఫోమ్ ముక్కలు ఒక్కొక్కటే నేల మీద రాలాయి. ఆయన వాటి వైపు, నా వైపు చూసి, బల్ల మీద కూర్చుని కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వారు. నవ్వుతూనే ఐస్ పెట్టారు. ఆ తర్వాత నవ్వు ఆపి, జేబులోంచి కొలత గాజు తీసి, బాగున్న నా ఎడమ చేతికి ఎక్కించారు.

"చూడు. మా అమ్మ బిగుతు గాజు ఎలగ ఎక్కించేదో చూడు. బొటనేలు లోనికి మడిచి, ఈ కణుపుల్ని దగ్గరకి నొక్కుతాది. ఎముకలన్నీ మడత పడిపోతాయి, గాజు దూరిపోద్ది. గుద్దు తగిలినప్పుడు నీ చెయ్యీ అదే చేస్తంది. నువ్వు తెచ్చిన బలమంతా ఆ మడతలోనే సచ్చిపోతంది."

"అంటే పెద్ద చెయ్యి ఉంటెనే మంచిది గద మాస్టారూ?"

"మంచిదే. కాదంటే అబద్ధం. పెద్ద ఎముక దెబ్బకి ఓర్చుకుంటాది, భయం లేకుండా కొడతాడు. కానీ బలం చేతిలో పుట్టదే గుంటా! మడమలో పుడతాది, నడుంలో తిరుగుతాది, భుజం దాటి వస్తాది. చెయ్యి దానికి గుమ్మం. గుమ్మం చిన్నదైతే ఏటి? విరగకుండా ఉంటే చాలు."

నమ్మలేదని నా మొహం చూసి పట్టేశారు. చెయ్యి నయమయ్యాక నన్ను ఒంటికాలి మీద నిలబెట్టి తన అరచేతి ప్యాడ్‌ను కొట్టమన్నారు. టప్ మంది. రెండు కాళ్లూ నేలకు ఆన్చి, మడమ తిప్పి కొట్టమన్నారు. షెడ్డులో రంగులేస్తున్న మనిషి తలుపులోంచి తొంగి చూశాడు! చెయ్యి అదే, సైజు అదే. నేను ఎగిరి గంతేశాను, ఆయన కూడా గంతేశారు. డెబ్బై దాటిన మనిషి.

అప్పటినుంచి కట్టు కట్టే పని ఆయన తీసుకున్నారు. వేళ్ల మధ్యగా ఒక్కొక్క చుట్టు, కణుపుల మీదుగా, బొటనవేలు కింద నుంచి మణికట్టు దాకా. ఆయన నోరు మూతపడేది రోజు మొత్తంలో అప్పుడొక్కటే. అయ్యాక, తల్లి చేసినట్టే నా చెయ్యి నొక్కి కొలత గాజు ఎక్కించాలని చూసేవారు. కణుపులు దాటి ఎక్కిందా, చెయ్యి ఇంకా మడత పడుతున్నట్టే, మొత్తం విప్పి మళ్లీ మొదటి నుంచి. ఎక్కకపోతే, "పో, ఇంక ఎవుల్ని కొడతావో కొట్టుకో," అనేవారు. ఆ మాట వినడానికి నేను రోజూ షిఫ్ట్ అయ్యీ అవగానే పరుగెత్తేదాన్ని.

ఆ జత గాజులతో ఇంకో పని కూడా చేయించారు. గ్లవ్స్ లేకుండా గాలిలో గుద్దులు ప్రాక్టీస్ చేసేటప్పుడు రెండూ కుడి చేతికి వేసేవారు. మొదట్లో జిమ్ అంతా పెళ్లివారిల్లులా మోగిపోయేది. కుర్రాళ్లు పగలబడి నవ్వేవాళ్లు. మాస్టారు మాత్రం ఫోన్‌లో మాట్లాడుతూ, అటు తిరిగి ఉండి కూడా, "చెయ్యి దిగిపోయింది, ఎత్తు!" అని అరిచేవారు. చెయ్యి మొహం దగ్గర ఉంటే గాజులు కిందికి జారి గమ్మునుంటాయి, దించితే గలగలలాడతాయి. గుద్దుకూ లెక్క ఉంది. "గలగలా మోగిందా, ఉత్త చేత్తో కొట్టేవు. ఒక్కసారే మోగిందా, ఒళ్లంతా కలిసి కొట్టింది. ఒక్కసారే మోగాల." ఆ ఒక్క మోతకు నాకు ఎనిమిది నెలలు పట్టింది. మోగిన రోజు మూడు రౌండ్లు కాకుండానే టీ ఇచ్చారు. మరుసటి వారం మిల్టన్ తమ్ముడు సిగ్గుపడుతూ, "మాస్టారూ, నా సైజులో బ్యాంగిల్స్ దొరుకుతాయా?" అని అడిగాడు.

ఇంత చేసినా నేను రెండు బౌట్లు ఓడిపోయాను. రెండూ పాయింట్ల మీదే. అవతలి అమ్మాయిలకు నా దెబ్బ తెలిసిందో లేదో కూడా అనుమానమే. రెండోసారి కారులో ఏడుస్తుంటే, ఆయన డ్రైవ్ చేస్తూ అన్నారు. "దెబ్బకి మనిషి అదిరితే రెఫరీ ఆట ఆపి ఎనిమిది దాకా లెక్క పెడతాడు కదా. ఈ టూ-టూ చేత్తో ఒక్కసారి లెక్క పెట్టించు. గెలుపూ ఓటమీ తరవాత. అది చూసేదాకా నాను రిటైరవ్వను."

చూడకుండానే వెళ్లిపోయారు. నాకు బాధంతా అక్కడే ఉంది.

గురువారం ఫ్యూనరల్ హోమ్‌లో చూడ్డానికి వెళ్లాను. బౌట్ మానేస్తానని ఆంటీతో చెబుదామనుకున్నాను. ఆవిడ నన్ను పక్కకు పిలిచి చేతిలో ఇత్తడి గాజు పెట్టింది. "జాకెట్టు జేబులో ఉందమ్మా. రెండోది ఇంట్లో ఎతకాల. శనివారానికి చొక్కా కూడా ఇస్త్రీ చేయించుకున్నారు. ఇప్పుడు అదే తొడిగేం." అటు చూశాను. నీలం చారల చొక్కా. నేను మానేస్తానన్న మాట నోట్లోనే ఉండిపోయింది. "ఎల్లు. ఎల్లకపోతే ఆయన ఊరుకోరు," అంది ఆవిడే.

శనివారం గ్వెల్ఫ్‌లో రింగు మూలన, నా కార్నర్‌లో తోడుండటానికి మిల్టన్ తమ్ముడే వచ్చాడు. కట్టు కడతానన్నాడు. ఆ వేళ్లు నా వేళ్ల మధ్య దూరవు, పాపం. నేనే కట్టుకున్నాను. ఎడమ చేతికి త్వరగానే అయింది. కుడి చేతికి రెండుసార్లు విప్పాల్సి వచ్చింది, ఎందుకంటే రెండుసార్లూ గాజు ఎక్కేసింది. మూడోసారి తమ్ముడు నా కణుపుల్ని తన చేటంత చేతిలో పెట్టి నొక్కి, గాజును తోసి చూశాడు. కదల్లేదు. "ఎక్కట్లేదక్కా!" అన్నాడు. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ఇప్పుడు అనాల్సిన మాట ఎవరు అంటారు? అతనే గొంతు సవరించుకుని, రాని యాసలో, "పో, ఇంక ఎవుల్ని కొడతావో కొట్టుకో," అన్నాడు. తర్వాత ఆ గాజును మా కార్నర్‌లో నీళ్ల బకెట్ పిడికి తగిలించాడు.

మొదటి రౌండ్ నాది కాదు. ఆ అమ్మాయి నాకన్నా పొడుగు, చేతులూ పెద్దవి, నన్ను దగ్గరికి రానివ్వలేదు. విరామంలో స్టూలు మీద కూర్చుంటే అలవాటుగా ఫ్లాస్కు కోసం చూశాను. రెండో రౌండ్‌లో ఆమె ముందుకొస్తుంటే వెనక్కి తగ్గుతూ, తగ్గుతూ, మా కార్నర్‌ను ఆమె వెనక ఉండేలా తిప్పుకున్నాను. ఎడమ చేత్తో ఒకటి కొట్టబోతున్నట్టు చూపించాను. ఆమె చెయ్యి కొంచెం దిగింది. కుడి మడమ తిరిగింది, నడుం తిరిగింది. తక్కినదేదీ నేను చేయలేదు, దానంతట అదే వచ్చింది. నా పిడికిలి ఆమె దవడ మీద ఉంది, మడత పడలేదు, ఒక్క ఎముక కూడా మడత పడలేదు! ఆమె రెండడుగులు వెనక్కి తూలి మా కార్నర్ తాళ్ల మీద పడింది. రింగు మొత్తం అదిరింది.

బౌట్ ఏమైందని అందరూ అడుగుతున్నారు. పాయింట్ల మీద గెలిచాను. మాస్టారు ఉంటే ఆ సంగతి అడిగేవారు కాదు.

రెఫరీ మా మధ్యకు వచ్చి నన్ను అవతలి మూలకు పొమ్మని చెయ్యి చూపించి, వేళ్లు ఎత్తి లెక్క మొదలుపెట్టాడు. హాలంతా అరుస్తోంది, మిల్టన్ తమ్ముడు గంతులేస్తున్నాడు. నాకు ఆ లెక్క వినబడలేదు. ఆమె తాళ్ల మీద పడినప్పుడు, కార్నర్‌లో బకెట్‌కు తగిలి ఇత్తడి గాజు మోగింది. ఒక్కసారే. నేను అవతలి మూలలో నిలబడి, పిడి మీద ఇంకా మెల్లగా ఊగుతున్న ఆ గాజునే చూస్తున్నాను.