లైటును ఆర్పే స్విచ్

భద్రాచలం నుంచి ఫోన్ వచ్చినప్పుడు కాలేజీలో పిల్లలతో ఫిజిక్స్ ప్రాక్టికల్స్ చేయిస్తున్నాను. "చాచా పోయిండక్కా. పొద్దున నిద్రల్నే. జల్దీ రా" అన్నాడు తమ్ముడు. సరే అన్నాను. మిగిలిన ఇద్దరి రీడింగులు కూడా చూసి, సంతకం పెట్టి, బయల్దేరాను. ఖమ్మం నుంచి నేను చేరేసరికి మట్టి ఇచ్చి వచ్చేశారు. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

చాచా మాకు చుట్టం కాదు, భద్రాచలంలో మా పక్కింటాయన. మా గోడకు ఆనుకునే ఆయన ఆటో ఎలక్ట్రిక్ షెడ్డు. చదివింది ఐదో తరగతి. బజార్లో దొరికే స్విచ్ ఏదీ ఆయనకు నచ్చేది కాదు. విప్పి, మార్చి, బురదనీళ్ల బకెట్‌లో మూడు రోజులు నానేసేవారు. "గోదారి తాగి బతికితేనే స్విచ్" అనేవారు. బకెట్‌లోంచి బతికి బయటపడ్డవాటిని భార్య చేతిలో, అంటే మా చాచీ చేతిలో పెట్టేవారు. ఆమె టీవీ సీరియల్ చూస్తూ టిక్కు టిక్కుమని నొక్కుతూ కూర్చునేది. "సీరియల్ల అత్త తిట్లు అయిపోయినయి గని నీ స్విచ్ చావట్లే" అని అరిచేది. ఆ మాటే ఆయనకు సర్టిఫికెట్టు.

ఒకసారి దమ్మపేట వైపు అడవి మలుపులో ఒక జీపు లైట్లు ఉన్నట్టుండి ఆరిపోయాయి. డ్రైవరు బతికాడు కానీ కాలు పోయింది. విప్పి చూస్తే స్విచ్ లోపల తుప్పు. నెల కింద దాన్ని బిగించింది చాచానే. వారం రోజులు షెడ్డు తెరవలేదు. తెరిచాక ఆయన చేసింది తిరగేసిన స్విచ్. మామూలు స్విచ్ లైటును వెలిగిస్తుంది. ఇది లైటును ఆర్పుతుంది. బండి తాళం తిప్పగానే లైటు తనంతట తనే వెలగాలి. పగటిపూట దాన్ని కరెంటుతో ఆపి ఉంచడమే స్విచ్ పని. స్విచ్ చెడిపోతే, దాని వైరు తెగితే, లైటు వెలుగుతుంది.

"మరి పగలంతా అది కరెంటు తింటనే ఉంటది కద చాచా?" అన్నాను. అనుమానం నా వృత్తి.

"తిననీ బిడ్డా. పగలు ఇంజను తిరుగుతనే ఉంటది. చీకట్ల మనిషిని తినకుంటె చాలు."

అడిగిన ప్రతి మెకానిక్కుకూ నేర్పేశారు. "అందరికీ చెప్పుకుంట పో. రేపు నీ పేరెవలు తీస్తరు?" అని చాచీ తగులుకునేది. "లైటు వెలిగితే చాలదా ముసల్దానా" అనేవారు. కానీ చాలలేదేమో. ఒకరోజు ఆరు కాగితాలు తెచ్చి నాకిచ్చారు. పెన్సిల్ బొమ్మలు, తెలుగులో వివరం. "పేటెంటుకు పంపాలె. ముందు తప్పులుంటే దిద్దు. తర్వాత ఇంగ్లీషుల రాయి."

రెండేళ్లయింది. ఇలాంటిది ఎక్కడో ఎవరో ఎప్పుడో చేసే ఉంటారని, అలాగైతే పేటెంటు రాదని అనిపించింది. వెతికానని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి రెండు సాయంత్రాలు వెతికి ఊరుకున్నాను. లేదని తేలితే పని నా మీద పడుతుందని భయపడ్డానా, ఉందని తేలితే ఆయనకు ఎలా చెప్పాలని భయపడ్డానా, ఇప్పుడు కూడా తేల్చుకోలేను. ఆయన మళ్లీ అడగలేదు. కలిసినప్పుడల్లా చాయ్ తాగించారు, పిల్లల చదువులు అడిగారు. ఆ దారిలో తిరిగే పాత ఆటోలు, జీపులు ఎన్నో తాళం తిప్పగానే కళ్లు తెరుస్తాయి. ఎవరి పని అని అడిగితే తలా ఒక మెకానిక్కు పేరు చెబుతారు.

ఆయన పోయిన రోజు ఆ కాగితాలు సంచిలో పెట్టుకునే వెళ్లాను. చాచీ చాపమీద కూర్చుని ఉంది. తనే అడిగింది.

"ఆయన కాగితాలు తెచ్చినవా బిడ్డా? నేను అడుగుతనంటే ఆయన అడగనియ్యలే. 'బిడ్డ మంచిగ చూస్తున్నది, తొందర పెట్టకు' అన్నడు."

తీసి ఇచ్చాను. చాచీకి చదువు రాదు. ఒక్కొక్క కాగితాన్నీ కిటికీ వెలుతురుకు ఎత్తి, ముందూ వెనకా తిప్పి చూసింది.

"ఒక్క ఎర్రగీత గూడ లేదేంది?"

నేను సంచి మూసి పక్కన పెట్టాను.

"అంటే ఒక్క తప్పు గూడ లేదన్నట్టేనా?"

"అవ్ చాచీ" అన్నాను.

ఆమె ఆ ఆరు కాగితాలనూ మోకాలి మీద పేర్చి, నలిగిన మూలలను బొటనవేలితో ఒక్కొక్కటే సాపు చేస్తూ కూర్చుంది.