ప్లగ్గుకు బొట్టు

దసరాకు మా ఇంట్లో పనిముట్లకు బొట్టు పెట్టేది నేనే. బండి, పారలు, గడ్డపార, చివరికి మందు కొట్టే పెట్రోల్ పంపు. ఈసారి భక్తి కాస్త ఎక్కువైంది. నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గే ఇంజనుకు ప్రాణం కదా అని, దాని మీది రబ్బరు క్యాపు ఊడదీసి తడి పసుపు, కుంకుమ దిట్టంగా అద్ది, మళ్ళీ క్యాపు నొక్కేశాను.

మర్నాడు పొద్దున్నే తమ్ముడు పంపు తీసుకెళ్ళాడు. సాగర్ కాలువ కింద వాడు కౌలుకు చేస్తున్న వరికి సుడిదోమ పడింది. అప్పటికే ఒక మూల గుండ్రంగా ఎండిపోయింది. ఆ రోజు మందు పడకపోతే మడంతా పోయేదే. కాసేపటికే పంపు భుజాన వేసుకొని తిరిగొచ్చాడు.

“ఎంత గుంజినా స్టార్ట్ అయితలేదన్నా. జర సూడు.”

ప్లగ్గు విప్పాను. కొన తడిగా ఉంది, పెట్రోల్ వాసన కొడుతోంది. అంటే పెట్రోల్ అందుతోంది, నిప్పురవ్వే రావడం లేదు. పాత బ్రష్షుతో రుద్ది, గరుకు కాగితంతో మసి తీశాను. ప్లగ్గు నెత్తిన పసుపు కనబడుతూనే ఉంది. దేవుడి బొట్టును ఎవరు అనుమానిస్తారు? క్యాపు తగిలించి, ప్లగ్గును ఇంజను ఇనుముకు ఆనించి స్టార్ట్ చేసే తాడు లాగాను. రవ్వ లేదు. సూర్యాపేట వెళ్ళి కొత్త ప్లగ్గు తెచ్చాను. బొట్టు లేకుండా బిగిస్తే బాగుండదని, తెలివి తెల్లారినట్టే, దానికీ పసుపు అద్దాను. అదీ అంతే.

నా నోరు మంచిది కాదు. వాకిట్లో నలుగురూ చూస్తుండగానే వాడి మీద పడ్డాను. “పండుగ దాంక మంచిగుండె. పెట్రోల్ల ఆయిల్ ఎక్కువ కలిపి కాయిల్ కాల్చినవ్! చేతగానోనికి యవుసం ఎందుకురా?”

ఆ పెట్రోల్‌లో ఆయిల్ కలిపింది నేనే. కోపంలో అదీ మరిచాను. వాడు పొలం వైపు వెళ్ళిపోయాడు.

ప్లగ్గుకు కరెంటు పంపే కాయిల్ తీగ చూద్దామని క్యాపు తిరగేస్తే లోపలంతా పసుపు ముద్ద, ఇంకా తడారలేదు. కరెంటంతా ప్లగ్గు కొనకు చేరకుండా ఆ తడిలోంచే ఇనుములోకి పోతోంది. క్యాపునూ ప్లగ్గునూ గుడ్డతో తుడిచి, ఎండలో ఆరబెట్టి తాడు లాగాను. ఒక్క గుంజుకే ఇంజను అందుకుంది. సిగ్గుతో చచ్చిపోయాను.

పంపు మోసుకొని పొలానికి పరిగెత్తాను. వాడు ఎవరిదో చేత్తో కొట్టే పంపు తెచ్చుకొని మందు కొడుతున్నాడు. పొద్దు వాలుతోంది, సగం మడి కూడా కాలేదు. నన్ను చూసి గట్టుకొచ్చాడు.

“తప్పయిందన్నా. నేనే ఖరాబు చేసిన.”

“నువ్వేం చెయ్యలేదురా. క్యాపుల పసుపు పెట్టింది నేను. ఆయిల్ కలిపింది గూడ నేనే,” అన్నాను, పక్క మడి వాళ్ళకు వినిపించేటట్టు.

వాడు తల అడ్డంగా ఊపాడు. “నేను బాధపడతనని గిట్లంటున్నవ్, నాకెర్క. పోనియ్ అన్నా. ఇగ నీ పంపు నేను ముట్ట.”