ఏనుగులు దాటినాక

బంగారుపాళ్యం దాటాక, చీకటి పడుతుండగా, మా పలమనేరు బస్సు ఆగిపోయింది. ముందు ఏనుగులు రోడ్డు దాటుతున్నాయని డ్రైవరు లైట్లు ఆర్పేశాడు. నా పక్క సీట్లో ఒక తల్లి, ఆమె ఒడిలో అయిదేళ్ల పాప ఉన్నారు. తల్లి ఎవరికో ఫోన్ చేస్తూనే ఉంది.

"ఏనుగు మనుషుల్ని తొక్కుతాదామ్మా?" అని పాప తల్లిని అడిగింది.

నేనే ముందు అందుకుని, "ఏం చేయదమ్మా, అది వినాయకసామి కదా," అన్నాను.

"అట్ల చెప్పొద్దన్నా," అంది తల్లి మెల్లగా. "మేముండేది మామిడితోటలో. రేపు ఎదురైతే ఇది దండం పెట్టుకుంటా దగ్గరికి పోతాది." తర్వాత పాపతో, "తొక్కుతాది. దానికి మనమీద కోపం లేదు. ఆకలేసి వస్తాది. అడ్డమొస్తే తొక్కుతాది," అంది.

"ఇప్పుడు యాడికి పోతా ఉండాయి?"

"మన తోట దిక్కే."

"నాయన ఆడనే ఉండాడు కదా. నాయనకేం కాదు కదా?"

బస్సంతా వింటోంది. ఏం కాదని ఆమె అంటే బాగుండుననిపించింది.

"తెలీదమ్మా. ఫోను ఎత్తలేదు. పోయి సూస్తాను."

పాప ఏడవలేదు. ఏనుగులు దాటినాక బస్సు బయల్దేరింది. తోట మలుపులో ఇద్దరూ దిగారు. పాపను రోడ్డు పక్క టీకొట్టు బల్ల మీద కూర్చోబెట్టి, అక్కడున్న ఇద్దరు మగవాళ్లను వెంటబెట్టుకుని తల్లి తోటలోకి నడిచింది.

"మీ నాయన వచ్చేస్తాడులే పాపా," అన్నాడు టీకొట్టతను.

"నీకు తెలీదు కదా మామా," అంది పాప.

బస్సు మళ్లీ కదిలింది. ఆ తోటలో ఏం జరిగిందో నాకూ ఈనాటికీ తెలియదు.